అందని బంతి లెక్క

బేస్‌బాల్ స్కోరు పుస్తకంలో ‘6–3’ అని రాశారంటే షార్ట్‌స్టాప్ బంతిని అందుకుని ఫస్ట్ బేస్‌కు విసిరాడు, బ్యాటర్ అవుటయ్యాడు అని అర్థం. ఆరు అన్న అంకె షార్ట్‌స్టాప్‌ది, మూడు అన్న అంకె ఫస్ట్ బేస్‌మన్‌ది. 1978 ఏప్రిల్ 20న శాన్ డియెగోలో అట్లాంటా బ్రేవ్స్ బ్యాటర్ జెఫ్ బరోస్ కొట్టిన బంతి పిచర్‌ను దాటి సెకండ్ బేస్ మీదుగా దూసుకెళ్ళబోయింది. పెద్ద లీగ్‌లో అడుగుపెట్టి నెల కూడా నిండని ఓజీ స్మిత్ అనే 23 ఏళ్ళ కుర్రాడు ఎడమవైపు నేలబారుగా దూకాడు. గ్లవ్ చాచిన చోటికి రావలసిన బంతి నేలమీద ఎక్కడో తగిలి దిశ మార్చుకుని, ఎగిరి అతని వెనక్కి పోతోంది. దూకిన ఊపులో ఉండగానే అతను కుడిచేతిని వెనక్కి చాపి ఉత్త చేత్తో దాన్ని పట్టేశాడు. పడ్డాడు, లేచాడు, ఫస్ట్ బేస్‌కు విసిరాడు. బ్యాటర్ అవుట్. ఆ ఆట చూసినవాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. పుస్తకంలోకి ఎక్కేసరికి మాత్రం, నిలబడ్డ చోటికే దొర్లుకుంటూ వచ్చిన బంతిని వంగి తీసి విసిరినా ఇంతే, ఇలా పట్టినా ఇంతే: 6–3.

ఇలాంటి బంతులను ఇరవై ఏళ్ళపాటు ఆపిన మనిషి పనిని ఎలా లెక్కకట్టాలన్నది అమెరికాలో నూట యాభై ఏళ్ళుగా నలుగుతున్న ప్రశ్న. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో స్థిరపడ్డ పిల్లల దగ్గరికి వెళ్ళి, మనవడి వెంట మైదానానికి నడిచినవారికి తప్ప మనలో చాలామందికి ఈ ఆట కొత్తే. అయినా ఆ ప్రశ్న మనకు పరాయిది కాదు. ఒక మనిషి చేసిన పనిలో పైకి కనబడే తప్పును పట్టుకోవడం తేలిక. అతను చేరుకోగలిగిన దూరాన్ని కొలవడం కష్టం. ఏ కచేరీలోనైనా, ఏ బడిలోనైనా ఉన్న చిక్కే ఇది. దాన్ని ఇంత ఓపికగా, ఇంత కాలం, ఇంతమంది కలిసి విప్పుతూ వచ్చిన రంగం మరొకటి అరుదు.

షార్ట్‌స్టాప్ నిలబడేది సెకండ్ బేస్‌కూ థర్డ్ బేస్‌కూ నడుమ. బ్యాటర్లలో కుడిచేతివాళ్ళే ఎక్కువ. వాళ్ళు బలంగా తిప్పి కొట్టిన బంతి నేలను రాసుకుంటూ వెళ్ళేది ఎక్కువగా ఆ వైపుకే. కొట్టిన వాడు 90 అడుగుల దూరంలోని ఫస్ట్ బేస్‌ను నాలుగు సెకన్లకు కాస్త అటూ ఇటూగా చేరుకుంటాడు. ఆ లోపలే బంతి ఎటు వస్తోందో పసిగట్టాలి, పరుగెత్తాలి, అందుకోవాలి, కాళ్ళు నిలదొక్కుకుని వంద అడుగులకు పైబడిన దూరం గురి తప్పకుండా విసరాలి. ఒక్క అడుగు ఆలస్యమైతే బంతి అతని గ్లవ్ పక్కనుంచి బయటి మైదానంలోకి పోతుంది. దాన్ని బ్యాటర్ సాధించిన హిట్‌గా రాస్తారు. షార్ట్‌స్టాప్ పేరు ఆ వరుసలో ఎక్కడా ఉండదు.

మొదట్లో కొలత పెట్టినవాళ్ళను తప్పుపట్టనక్కర్లేదు. బేస్‌బాల్ గణాంకాలకు పితామహుడనదగ్గ హెన్రీ చాడ్విక్ 1824లో ఇంగ్లండ్‌లోని ఎక్సెటర్‌లో పుట్టి, చిన్నతనంలోనే అమెరికా చేరిన పాత్రికేయుడు. ఆయన ముందు రాసింది క్రికెట్ గురించి. క్రికెట్ స్కోరు పట్టికలు రాసిన అలవాటుతోనే బేస్‌బాల్‌కూ ఒక పట్టిక తయారుచేశాడు. అప్పట్లో ఆటగాళ్ళకు గ్లవ్‌లు లేవు. ఉత్త చేతులతో గట్టి బంతిని పట్టాలి కాబట్టి ప్రతి ఆటలోనూ జారవిడిచినవి బోలెడు. అలాంటప్పుడు ఎవరు తక్కువ జారవిడిచారన్నది పనికొచ్చే సమాచారమే. అందుకున్నవీ విసిరినవీ కూడి, వాటికి పొరపాట్లు కలిపిన మొత్తంతో భాగిస్తే వచ్చేదే ఫీల్డింగ్ సగటు. విశేషమేమిటంటే, పొరపాట్లు తక్కువ చేసినవాడికంటే మంచి ఆటలు ఎక్కువ ఆడినవాడే మేలైన ఆటగాడని చాడ్విక్ కూడా అన్నాడు. ఆయన మాట పక్కన పడిపోయింది, భాగహారం నిలిచింది. గ్లవ్‌లు వచ్చాయి, పెద్దవయ్యాయి, మైదానాలు చదునయ్యాయి. షార్ట్‌స్టాప్‌లంతా నూటికి తొంభై ఆరు, తొంభై ఎనిమిది బంతుల మధ్య ఒక చోట గుమిగూడారు. కొలత మాత్రం వందేళ్ళకు పైగా అదే.

ఆ కొలతలో ఉన్న అన్యాయం చిన్నది కాదు. పొరపాటు అని రాయాలంటే ఫీల్డర్ ముందు బంతిదాకా వెళ్ళాలి. వెళ్ళి తడబడితే అతని ఖాతాలో మచ్చ. వెళ్ళలేకపోతే ఏమీ లేదు. పరీక్షలో తెలిసిన పది ప్రశ్నలకే జవాబు రాసి పదీ ఒప్పు అనిపించుకున్న పిల్లవాడికి, ఇరవై ప్రశ్నలూ రాసి రెండు తప్పిన పిల్లవాడికంటే మంచి ర్యాంకు ఇస్తే ఎలా ఉంటుందో ఇదీ అలాగే. పైగా, ఏది పొరపాటో ఏది హిట్టో తేల్చేది ప్రెస్ బాక్సులో కూర్చున్న ఒక స్కోరర్. చాలాకాలం ఆ పని చేసింది స్థానిక పత్రికల విలేఖరులే. మామూలు ప్రయత్నంతో పట్టదగిన బంతేనా అని ఆయన తనను తాను ప్రశ్నించుకుని రాసిన తీర్పు అది. చురుకైనవాడు అందరికంటే రెండడుగులు ఎక్కువ వెళ్ళి, చివరి క్షణంలో బంతిని జారవిడిస్తే ‘పట్టాల్సిందే’ అనిపించవచ్చు. ఆ రెండడుగులూ వెళ్ళని వాడికి ఆ ప్రశ్నే ఎదురుకాదు.

కాల్ రిప్కెన్ ఉదాహరణ ఇక్కడ చూడదగ్గది. 1990లో బాల్టిమోర్ షార్ట్‌స్టాప్‌గా ఏడాది పొడవునా ఆయన చేసిన పొరపాట్లు మూడే. సగటు 0.996. అయినా మేనేజర్లు, కోచ్‌లు ఓటు వేసి ఇచ్చే ఫీల్డింగ్ బహుమతి గోల్డ్ గ్లవ్ ఆ ఏడాది షికాగో ఆటగాడు ఓజీ గియెన్‌కు వెళ్ళింది. తప్పులు తక్కువైనంత మాత్రాన గొప్పవాడు కాదని ఓటర్లు తెలుసుకున్నారని మెచ్చుకుందామా అంటే, రిప్కెన్ విషయంలో వాళ్ళ కన్ను మరో రకంగా పొరబడింది. ఆయన ఆరడుగుల నాలుగంగుళాల మనిషి. చిరుతలా దూకేవాడిలా కనబడడు. పిచర్ వేయబోయే బంతి ఏమిటో, ఎదుటనున్న బ్యాటర్ దాన్ని ఎటు కొడతాడో లెక్కవేసుకుని, కొట్టకముందే అక్కడికి జరిగి నిలబడేవాడు. ముందే అక్కడున్నవాడికి దూకే పని పడదు. దూకనివాడి ఆటకు చప్పట్లు తక్కువ. తర్వాత వచ్చిన లెక్కల్లో రిప్కెన్ తన తరంలోని మేటి షార్ట్‌స్టాప్‌లలో ఒకడిగా తేలాడు. అంటే పాత అంకె ఒక వైపు మోసం చేస్తే, కన్ను మరో వైపు మోసం చేసిందన్నమాట.

ఈ ముడిని మొదట గట్టిగా లాగినవాడు బిల్ జేమ్స్. కాన్సాస్ రాష్ట్రంలోని లారెన్స్ పట్టణంలో ఒక క్యానింగ్ ఫ్యాక్టరీకి రాత్రి కాపలాదారుగా పనిచేస్తూ, ఆ ఖాళీ గంటల్లో పాత స్కోరు పట్టికలు తిరగేసిన మనిషి. 1970ల నడుమ ఆయన వేసిన ప్రశ్న సాదాసీదాది: తప్పుల సంగతి అలా ఉంచి, ఒక్కో ఆటకు ఇతను ఎన్ని అవుట్లలో చెయ్యి వేశాడు? దానికి రేంజ్ ఫ్యాక్టర్ అని పేరు పెట్టాడు. ఈ కళ్ళద్దాలతో చూస్తే ఓజీ స్మిత్ ఒక్కసారిగా వేరే ఎత్తున కనబడ్డాడు. 1980లో స్మిత్ 621 అసిస్టులు చేశాడు, అంటే అన్నిసార్లు బంతిని అందుకుని విసిరి అవుట్‌కు కారణమయ్యాడు. 1924లో గ్లెన్ రైట్ నెలకొల్పిన 601 రికార్డు 56 ఏళ్ళ తర్వాత చెదిరింది. 621 ఇప్పటికీ చెక్కుచెదరలేదు. సెయింట్ లూయిస్ కార్డినల్స్‌కు మారి 1996లో ఆట ముగించేనాటికి స్మిత్ షార్ట్‌స్టాప్‌గా 8,375 అసిస్టులు చేశాడు. అదీ రికార్డే.

అయితే బిల్ జేమ్స్ లెక్కకూ లోపాలున్నాయి, ఆయనే ఆ మాట అంటూ వచ్చాడు. నేలబారు బంతులు కొట్టించే పిచర్లున్న జట్టులో షార్ట్‌స్టాప్‌కు పని ఎక్కువ. బ్యాటర్లను తమ బంతులతోనే అవుట్ చేసే పిచర్లుంటే పని తక్కువ. 1980లో ఒక్కో జట్టు బ్యాటర్లు ఆటకు ఐదుసార్ల లోపే స్ట్రైకవుట్ అయ్యేవారు. ఇప్పుడు ఎనిమిది దాటింది. బ్యాటుకు తగలని బంతిని షార్ట్‌స్టాప్ ఎక్కడ పడతాడు? నేటి కుర్రవాడు స్మిత్ అంత చురుకైనవాడైనా 621 అతనికి అందదు. ఇక కార్డినల్స్ మైదానంలో దాదాపు స్మిత్ కాలమంతా పరిచింది కృత్రిమ పచ్చిక. దానిమీద బంతి వేగంగా వస్తుంది, కానీ పిచ్చిగా ఎగరదు. అది లాభమా నష్టమా అన్నది చేతి నేర్పును బట్టి ఉంటుంది.

కాబట్టి చెయ్యవలసింది ఒకటే: ఎన్ని బంతులు పట్టాడన్నది కాక, వచ్చిన బంతుల్లో ఎన్ని పట్టాడన్నది చూడాలి. దానికి ప్రతి బంతినీ చూడాలి. జాన్ డ్యూవన్ అనే గణాంకవేత్త, ఆయనతో కలిసి పనిచేసినవాళ్ళు ఆ పనికి పూనుకున్నారు. ప్రతి ఆట వీడియో పెట్టుకుని, బంతి ఏ దిశలో, ఎంత బలంగా, ఎంత దూరం వెళ్ళిందో గుర్తులు పెట్టారు. ఫలానా వైపు, ఫలానా వేగంతో వచ్చిన బంతిని లీగ్‌లోని షార్ట్‌స్టాప్‌లందరూ కలిపి నూటికి నలభైసార్లు అవుట్‌గా మలిచారనుకోండి. దాన్ని అవుట్ చేసినవాడికి 0.60 జమ. వదిలినవాడికి 0.40 ఖర్చు. అందరూ పట్టే బంతిని పడితే చేరేది దాదాపు శూన్యం, వదిలితే పోయేది దాదాపు ఒకటి. ఏడాది పొడవునా ఇలా కూడుతూ పోతే మిగిలేదే అతని పని. అందని బంతికీ పుస్తకంలో ఒక గడి దొరికింది.

ఆ గడి తెరవగానే అమెరికా అంతా ఎరిగిన ఒక పేరు కింద పెద్ద ఖర్చు కనబడింది. న్యూయార్క్ యాంకీస్ నాయకుడు డెరెక్ జీటర్. 1995 నుంచి 2014 దాకా ఫీల్డింగ్‌కు దిగిన 2,674 ఆటల్లోనూ షార్ట్‌స్టాప్ స్థానం వదలని మనిషి. 3,465 హిట్లు, ఐదు ప్రపంచ సిరీస్ విజయాలు, ఐదు గోల్డ్ గ్లవ్‌లు. 2001 అక్టోబరులో ఓక్లండ్‌తో ఆటలో గతి తప్పిన విసురును ఫస్ట్ బేస్ గీత దగ్గరికి అడ్డంగా పరుగెత్తుకెళ్ళి అందుకుని, పక్కకు వాలుగా హోమ్ ప్లేట్‌కు చేరవేసి జెరెమీ జియాంబీని అవుట్ చేయించిన దృశ్యం, 2004 జులైలో బోస్టన్‌పై గాలిలోకి లేచిన బంతిని పట్టి ఆ ఊపుతో ప్రేక్షకుల కుర్చీల్లోకి పడి ముఖం రక్తసిక్తమై లేచిన దృశ్యం ఆ దేశంలో పిల్లలకూ తెలుసు. అంతటివాడు ఫీల్డింగ్‌లో సగటుకంటే తక్కువ అని అంకెలు అంటే ఎవరు ఒప్పుకుంటారు?

2006లో వచ్చిన డ్యూవన్ పుస్తకం ‘ద ఫీల్డింగ్ బైబిల్’లో బిల్ జేమ్స్ దీనిమీద ఒక వ్యాసం రాశాడు. హ్యూస్టన్ షార్ట్‌స్టాప్ ఆడమ్ ఎవరెట్‌ను జీటర్ పక్కన నిలబెట్టాడు. ఎవరెట్ బ్యాటింగ్ సగటు కెరీర్ మొత్తానికి 0.242. డ్యూవన్ లెక్కల్లో అతను మొదటివాడు, జీటర్ అట్టడుగున. ఆ వ్యాసంలో మాకు నచ్చింది జేమ్స్ పద్ధతి. లెక్కను వెంటనే నమ్మేయలేదు. ఇద్దరివీ ఇరవై మేలైన ఆటలు, ఇరవై నాసిరకం ఆటల వీడియోలు తెప్పించుకుని చూశాడు. ఎవరెట్ లోతుగా నిలబడుతున్నాడు, బంతి వెంట జారుతున్నాడు, లేచీ లేవగానే కాళ్ళు కుదురుకుని విసురుతున్నాడు. జీటర్ బాగా ముందుకొచ్చి నిలబడుతున్నాడు, కాళ్ళు కుదురుకోవడం తక్కువ, పరుగులోనూ గాలిలో ఎగిరీ విసరడం ఎక్కువ. థర్డ్ బేస్ వైపు పరుగెత్తి, ఎగిరి, ఒళ్ళు తిప్పి విసిరే ఆ విసురు జీటర్‌కు సంతకం లాంటిది. చూడముచ్చటగా ఉంటుంది. కానీ ఇంకో అడుగు లోతున, ఇంకో క్షణం ముందు ఉంటే ఆ ఎగరడం అవసరమయ్యేది కాదు. తర్వాత జేమ్స్ వేరే దారుల్లో లెక్కలు కట్టాడు. ఏ దారిన వెళ్ళినా, అనుమానం లాభమంతా జీటర్‌కే ఇచ్చినా, సగటుకు దిగువనే ఉన్నాడని తేల్చాడు. అప్పటికి జేమ్స్ యాంకీస్‌కు బద్ధశత్రువైన బోస్టన్ రెడ్ సాక్స్‌లో ఉద్యోగి. ఆయన అంత జాగ్రత్తగా అడుగులు వేయడానికి అదీ ఒక కారణమై ఉంటుంది.

జీటర్‌కు 2004, 2005, 2006 వరుసగా గోల్డ్ గ్లవ్‌లు వచ్చాయి. అంతకు ముందు 2002, 2003లో ఆ బహుమతి గెలిచిన షార్ట్‌స్టాప్ అలెక్స్ రోడ్రిగ్స్ 2004లో అదే యాంకీస్ జట్టుకు వచ్చి, జీటర్ కోసం థర్డ్ బేస్‌కు జరిగాడు. ఎవరెట్‌కు గోల్డ్ గ్లవ్ ఒక్కటీ రాలేదు.

ఈ అంకెలు పట్టుకుని జీటర్‌ను చిన్నబుచ్చాలని చూసినవాళ్ళూ ఉన్నారు. అది మాకు నచ్చదు. ఆయన బ్యాటుతో జట్టుకు ఇచ్చింది ఫీల్డింగ్‌లో పోగొట్టినదానికంటే ఎన్నో రెట్లు ఎక్కువ. 2020లో మేటి ఆటగాళ్ళను ఎంచి చేర్చుకునే హాల్ ఆఫ్ ఫేమ్‌కు 397 ఓట్లలో 396 వచ్చాయంటే ఊరికే రాలేదు. పైగా జట్టు యాజమాన్యం లోపం చెప్పాక, ముప్పై మూడేళ్ళు దాటిన వయసులో పక్కకు కదిలే వేగం పెంచుకోవడానికి ప్రత్యేకంగా కసరత్తు చేశాడు. 2009లో అంకెలు నిజంగానే మెరుగుపడ్డాయి. కొలత సరిగా ఉంటే దిద్దుకునే అవకాశం దొరుకుతుంది. అభిమానులు ఇచ్చే చప్పట్లు అంతటి మనిషికి కూడా ఆ మేలు చేయలేకపోయాయి.

2015 నుంచి పెద్ద లీగ్ మైదానాలన్నిటిలోనూ బంతినీ ఆటగాళ్ళనూ క్షణక్షణం వెంటాడే యంత్రాలున్నాయి. 2020లో ఆ పనిలోకి మనకు బాగా తెలిసిన హాక్-ఐ వచ్చింది. ఇంగ్లండ్‌లో పుట్టి, 2001లో క్రికెట్ టెలివిజన్‌లో తొలిసారి కనబడి, మన ఇళ్ళలో ఎల్బీడబ్ల్యూ వాదనలకు మధ్యవర్తి అయిన ఆ కెమెరాలే ఇప్పుడు షార్ట్‌స్టాప్ ఎన్ని అడుగులు కదలాలి, ఎంత సమయం ఉంది, పరుగెత్తే బ్యాటర్ ఎంత వేగస్థుడు అన్నది చెబుతున్నాయి. చాడ్విక్ క్రికెట్ నుంచి తీసుకెళ్ళిన పట్టికకు క్రికెట్ నుంచే మరో సాయం వెళ్ళిందనుకుంటే సంతోషంగా ఉంటుంది. కానీ క్రికెట్ స్కోరు పట్టిక ఈ విషయంలో ఇంకా చాడ్విక్ కాలంలోనే ఉంది. మన హైదరాబాదీ అజారుద్దీన్ 334 వన్డేల్లో 156 క్యాచులు పట్టాడు, అప్పటికి అది ప్రపంచ రికార్డు. పాయింట్‌లో నిలబడి ఆ మణికట్టు విసురుతో ఆయన ఆపిన పరుగులెన్ని? ఆయన వైపు కొట్టి పరుగుకు జంకి ఆగిపోయిన బ్యాటర్లెందరు? ఆ కాలం పట్టికల్లో దానికి గడి లేదు. అది చూసిన తరం చెప్పుకోవాలి, అంతే.

చెప్పుకోవడం మాత్రమే మిగిలినవాళ్ళు బేస్‌బాల్‌లో ఇంకా ఉన్నారు, వాళ్ళ కథ బరువైనది. 1989లో డెలవేర్ విశ్వవిద్యాలయ జీవశాస్త్ర ఆచార్యుడు డేవిడ్ స్మిత్ రెట్రోషీట్ అనే సంస్థను మొదలుపెట్టాడు. పాత స్కోరు పుస్తకాలు ఎక్కడున్నా వెతికి, ప్రతి ఆటలోని ప్రతి బంతినీ నమోదు చేయడం దాని పని. స్వచ్ఛంద కార్యకర్తలు ఏళ్ళ తరబడి కూర్చుని ఎక్కించిన ఆ వివరాలు ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. ఎడమ మైదానం ఫీల్డర్ ఏరుకున్న ప్రతి నేలబారు హిట్టూ షార్ట్‌స్టాప్, థర్డ్ బేస్‌మన్‌ల నడుమనుంచి జారిపోయిందేనన్న ఊహతో, వీడియోలు లేని కాలపు ఆటగాళ్ళ పనిని కూడా ఉజ్జాయింపుగా అంచనా కట్టగలిగారు. కానీ ఆ వెలుగు నల్లజాతి లీగ్‌ల దాకా సరిగా ప్రసరించలేదు. జాన్ హెన్రీ లాయిడ్ 1884లో ఫ్లోరిడాలో పుట్టిన షార్ట్‌స్టాప్. చర్మం రంగు కారణంగా పెద్ద లీగ్ గేటు ఆయనకు తెరుచుకోలేదు. పెద్ద చేతులతో బంతిని మట్టితో సహా తవ్వి తీసేవాడని క్యూబాలో ఆయనను ‘చెంచా’ అని ముద్దుగా పిలిచేవారు. తన కాలంలో శ్వేతజాతి షార్ట్‌స్టాప్‌లలో అగ్రగణ్యుడైన హోనస్ వాగ్నర్‌తో పోల్చేవారు. ఆట ముగిశాక అట్లాంటిక్ సిటీలో ఊడ్చి తుడిచే ఉద్యోగం చేసుకుని బతికాడు. 1964లో పోయాడు. 1977లో హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి తీసుకున్నారు.

2024లో నల్లజాతి లీగ్‌ల గణాంకాలను పెద్ద లీగ్ అధికారిక రికార్డుల్లో కలిపారు. మంచి పని, ఎప్పుడో జరగాల్సిన పని. బ్యాటింగ్ అంకెలు ఆనాటి పత్రికల్లోంచి కొంతైనా దొరికాయి. లాయిడ్ ఎన్ని బంతులు ఆపాడో, ఎన్ని ఆయనకు అందకుండా పోయాయో చెప్పగల కాగితం దాదాపు లేదు. ఎంత తెలివైన సూత్రమైనా ఎవరో ఒకరు కూర్చుని రాసిపెట్టినదాని మీదే పనిచేస్తుంది. ఆ రాసే మనిషిని పంపడం దండగ అని ఒక సమాజం అనుకుంటే, వందేళ్ళ తర్వాత వచ్చిన కెమెరాలు ఏమీ చేయలేవు. కొలతల గురించి మాట్లాడే ప్రతిచోటా ఈ మాట ముందు చెప్పుకోవాలని మా అభిప్రాయం.

అంకెలు ఉన్నచోట కూడా తొందర పనికిరాదు. ఒక్క ఏడాది ఫీల్డింగ్ లెక్క పట్టుకుని ఇతను ఇంతవాడని తేల్చేయకూడదని, కనీసం మూడేళ్ళు చూడాలని ఈ లెక్కలు కట్టేవాళ్ళే అంటారు. కెరీర్ అంటే ఒకే మనిషి ఒకేలా పనిచేసిన ఇరవై ఏళ్ళు కాదు. 1985లో ఓజీ స్మిత్ కుడి భుజం కండర పట్టీ చిరిగింది. శస్త్రచికిత్స వద్దనుకున్నాడు. విసురులో పోయిన బలాన్ని చేతిలోకి బంతి వచ్చీ రాగానే వదిలే వేగంతో పూడ్చుకున్నాడు. అలా ఆడుతూనే 1980లో మొదలైన గోల్డ్ గ్లవ్‌ల వరుసను 1992 దాకా, మొత్తం 13 సార్లు నిలబెట్టుకున్నాడు. మొత్తం కూడిన అంకెలో భుజం బాగున్న ఓజీ, భుజం నొప్పితో ఆడిన ఓజీ కలిసిపోతారు. రెండోవాడి పని ఎంత కష్టమైనదో చూసినవాళ్ళు చెప్పాలి. కన్నూ లెక్కా రెండూ కావాలనేది అందుకే. గోల్డ్ గ్లవ్ ఎంపికలో 2013 నుంచి నాలుగో వంతు బరువు గణాంకాలకు, మిగతాది మేనేజర్లు, కోచ్‌ల ఓటుకు ఇస్తున్నారు. ఆ పంపకం మాకు సబబుగానే తోస్తుంది.

ఇంత దూరం వచ్చాక ఒక మనిషి గురించి చెప్పకుండా ఆగలేం. మార్క్ బెలాంజర్. మసాచుసెట్స్‌లోని పిట్స్‌ఫీల్డ్‌లో పుట్టి, 1965 నుంచి 1981 దాకా బాల్టిమోర్ ఓరియోల్స్‌కు ఆడిన బక్కపల్చటి షార్ట్‌స్టాప్. కెరీర్ మొత్తానికి బ్యాటింగ్ సగటు 0.228, హోమ్ రన్లు 20. ఫీల్డింగ్ సగటు 0.977. జీటర్‌ది 0.976. పాత కొలతలో ఇద్దరి మధ్య తేడా వెయ్యి బంతులకు ఒకటి. కొత్త లెక్కల్లో బెలాంజర్ సగటు షార్ట్‌స్టాప్‌కంటే సుమారు 240 పరుగులు అదనంగా ఆపాడు, ఓజీ స్మిత్‌తో సరిసమానంగా. జీటర్ సగటుకంటే రెండు వందలకు పైగా పరుగులు తక్కువ ఆపాడు. పది పరుగులు ఒక గెలుపుతో సమానమని లెక్క. అంటే వెయ్యికి ఒకటి అని కనబడ్డ తేడా వెనక నలభైకి పైగా గెలుపులు దాగి ఉన్నాయి. బెలాంజర్‌కు కుడివైపు, థర్డ్ బేస్‌లో, 16 గోల్డ్ గ్లవ్‌ల బ్రూక్స్ రాబిన్సన్ నిలబడేవాడు. రాబిన్సన్ ఆ వైపు కాపుకాస్తుంటే బెలాంజర్ సెకండ్ బేస్ వైపు ఒకటి రెండు అడుగులు ధైర్యంగా జరగగలిగి ఉంటాడు. అందులో ఎవరి వాటా ఎంతో ఏ సూత్రమూ పూర్తిగా విడదీయలేదు. ఆ మినహాయింపు ఇచ్చినా ఆయన స్థానం అంతగా కిందికి దిగదు.

ఎనిమిది గోల్డ్ గ్లవ్‌లు ఇచ్చిన ఆ కాలం బెలాంజర్‌ను పూర్తిగా విస్మరించలేదు. కానీ 1988లో హాల్ ఆఫ్ ఫేమ్ ఓటింగ్‌కు పేరు వచ్చినప్పుడు, జాబితాలో కొనసాగడానికి కావలసిన 5 శాతం ఓట్లు కూడా రాలేదు. మొదటి ఏడాదే పేరు కొట్టేశారు. 2002లో స్మిత్‌కు 91.7 శాతం వచ్చాయి. స్మిత్ బ్యాటింగ్ బెలాంజర్ కంటే మెరుగే, పిచర్ కళ్ళుగప్పి ముందుకు పరుగెత్తి 580 బేస్‌లు దొంగిలించాడు, ఆ తేడాను కాదనలేం. కానీ ఒకరు తొంభై దాటి, మరొకరు ఐదు కూడా దాటనంత తేడా ఇద్దరి ఆటలో లేదు. బెలాంజర్ ఓటింగ్ నాటికి పరుగులు ఆపడాన్ని లెక్కకట్టే పద్ధతులు ఇంకా పురిట్లోనే ఉన్నాయి. ఓటర్ల చేతిలో ప్రధానంగా ఉన్నవి 0.228, 0.977 అనే రెండు అంకెలు. అవి సరిపోలేదు.

బెలాంజర్ 1998లో 54 ఏళ్ళకే కన్నుమూశాడు. హాల్ ఆఫ్ ఫేమ్‌కు 1980కి ముందు ఆడినవాళ్ళ పేర్లను మూడేళ్ళకోసారి పరిశీలించే కమిటీ ఒకటి ఉంది. ఓటర్లకు ఆనాడు అందుబాటులో లేని లెక్కలు ఇప్పుడు ఆ కమిటీ సభ్యుల బల్లమీద ఉన్నాయి. చేర్చుకుంటారా లేదా అన్నది వాళ్ళ ఇష్టం. వాటిని ముందు పెట్టుకుని, బెలాంజర్ పేరును ఒకసారి నిండుగా చర్చించమని మాత్రం అడగాలి.